పొన్నూరుకు ఇన్నా, ఎట్టా?

రండి రండి. ఆ స్టూలు ఇట్టా లాక్కోండి. అది కాదు, దానికి మూడు కాళ్ళే. ఈ పక్కది. మంటకు మరీ దగ్గర జరక్కండి. పత్తికట్టె చిటపటమంటుంది, మీ పంచె మీద నిప్పురవ్వ పడిందంటే మీ ఇంట్లో చివాట్లు నాకు. కట్టె మా బావమరిది ప్రత్తిపాడు నుంచి తోలాడు లెండి. ఈ పక్కన మనకు వరిగడ్డి తప్ప ఏముంది? పొన్నూరులో చలేంటి, చలిమంటేంటి అని నవ్వుతున్నారా? నవ్వండి, నవ్వండి. ధనుర్మాసంలో తెల్లారగట్ల పాలప్యాకెట్టుకు వచ్చినప్పుడు మీ మఫ్లరు నేను చూళ్ళేదనుకున్నారా?

సరే, వచ్చారు గనక ఒక సంగతి తేల్చి పొండి. మూడ్రోజులుగా దీంతోనే చస్తున్నా. పొన్నూరుకు ఇన్ పెట్టాలా, ఎట్ పెట్టాలా?

అట్టా చూస్తారేంటి? "మా మావయ్య పొన్నూరులో ఉంటాడు." ఇంగ్లీషులో చెప్పండి చూద్దాం. మై అంకుల్ లివ్స్... ఆ, అక్కడే ఆగారు కదా! నేనూ అక్కడే ఆగా. పాత గ్రామర్ పుస్తకాల్లో లెక్క ఏంటంటే, దేశాలకూ పెద్ద పట్నాలకూ ఇన్, చిన్న ఊళ్ళకూ పల్లెలకూ ఎట్. హైదరాబాదుకు ఇన్, అందులో పేచీ లేదు. గుంటూరుకూ ఇన్నే. కాదంటే మిరపయార్డు వాళ్ళు ఊరుకోరు, ఆసియాలోనే పెద్ద యార్డు మాది, మాకు ఎట్ పెడతారా అని కొట్లాటకొస్తారు. మరి పొన్నూరో? మనది మునిసిపాలిటీ. ఎట్ పెడితే మునిసిపాలిటీని పట్టుకుని మళ్ళీ పంచాయతీ చేసినట్టు. ఇన్ పెడితే, అబ్బో, ఎప్పుడయ్యిందయ్యా మహానగరం అంటారు.

మా ఆవిణ్ణి అడిగా. "ఏమే, పొన్నూరుకు ఇన్నా, ఎట్టా?"

"ఎట్టా ఏంటి, బస్సెక్కి" అంది.

ఆ మాటకొస్తే మన పక్కనున్న నిడుబ్రోలు నయం. రంగా గారు, ఎన్.జి. రంగా, 1900లో పుట్టింది అక్కడే కదా. అక్కణ్ణుంచి వెళ్ళి చదివింది ఆక్స్‌ఫర్డ్‌లో. దీన్ని ఇంగ్లీషులో పెట్టండి. బార్న్ ఎట్ నిడుబ్రోలు. చిన్న ఊరు, ఎట్ న్యాయమే. మరి ఆక్స్‌ఫర్డ్? స్టడీడ్ ఎట్ ఆక్స్‌ఫర్డ్! చదువుకున్న చోటుకూ ఎట్టే. చూశారా, నిడుబ్రోలుకూ ఆక్స్‌ఫర్డుకూ ఒకే పీట వేసింది ఇంగ్లీషు. ఈ ముక్క కనిపెట్టిన రాత్రి నాకు ఎంత సంతోషమయ్యిందంటే, పడుకున్న మా ఆవిణ్ణి లేపి చెప్పా. ఆవిడ ఏమందో మీకు చెప్పను.

ఇక దాచేదేముంది, చెప్పేస్తున్నా. భోజనమయ్యాక కొందరు వక్కపొడి నములుతారు. కొందరు సీరియల్ పెట్టుకుంటారు. నేను ఖాళీలు పూరిస్తా. ఫిల్ ఇన్ ద బ్లాంక్స్. రోజుకు ఇరవై. పండగరోజైతే ముప్ఫై.

ఎందుకండీ అని అడక్కండి. అందరూ అదే అడుగుతారు. ఉద్యోగానికా? నాకు యాభై ఎనిమిది నిండాయి. అమెరికాకా? తెనాలి దాటాలంటేనే నాకు బద్ధకం. ఎరువుల కొట్టుకు ఇంగ్లీషేంటి, బస్తా మీద 28-28-0 చదవడం వస్తే చాలు. బెల్లం ముక్క ఎందుకు చప్పరిస్తారు? ఇదీ అంతే. వాక్యంలో ఓ గీత. అక్కడ ఏదో మాట కూర్చోవాలి. బ్రాకెట్లో (గో) అని ఉంటుంది. గో, గోస్, వెంట్, గాన్, గోయింగ్ అని అందరూ గుమ్మంలో నిలబడి ఉంటారు, నన్ను పిలవండి నన్ను పిలవండి అని. ఒకణ్ణి లోపలికి పిలిచి తక్కిన వాళ్ళ మొహాన తలుపేస్తామే, ఆ సుఖం ఎట్టాంటిదో చేస్తే గానీ తెలీదు.

పుస్తకం కొనలేదు, ఖాతా పుస్తకంలోనే రాస్తా. ఇదుగో చూడండి, ఎర్రగీతల పొడుగు పుస్తకం. ఎడమపక్క పేజీల్లో ఎవరెవరు ఎన్ని బస్తాలు అరువు తీసుకెళ్ళారో. కుడిపక్క పేజీల్లో టెన్సులు. "అటుపక్క బాకీలు వసూలు కావు, ఇటుపక్క ఖాళీలు నిండవు" అంటుంది మా ఆవిడ. అననివ్వండి. తప్పులు దిద్దడానికి ఎదురింటి పిల్ల ఉంది, ఇంటరు రెండో సంవత్సరం. బాబాయ్ బాబాయ్ అంటూనే ఎర్రసిరాతో ఇంటూలు కొడుతుంది. కనికరం లేని పిల్ల.

ఇక ఖాళీలిచ్చే పుస్తకం సంగతా? రెన్ అండ్ మార్టిన్, ఇంకేముంది. గుంటూరులో పాత పుస్తకాలాయన దగ్గర దొరికింది, అట్ట ఒక చోట, లోపలి కాగితాలు ఒక చోట. 1935లో మొదట అచ్చయ్యిందట. ఎన్ని తరాల వీపులు విమానం మోత మోగాయో దీనివల్ల! రెన్ అంటే మీరూ నాలాగే చేతిలో బెత్తం, మొహాన మీసం ఉన్న పెద్దమనిషనుకుంటున్నారు కదూ. ఆ పి.సి. రెన్ నవలలు రాసినాయనండీ! 'బో జెస్ట్' అని 1924లో ఒకటి రాశాడు. ఎడారిలో కోట, చుట్టూ శత్రువులు, లోపల సిపాయిలు ఒక్కొక్కడే చచ్చిపోతుంటాడు. గోడల మీద మనుషులు తగ్గారని బయటివాడికి తెలియకూడదు కదా. చచ్చినవాణ్ణి చచ్చినట్టే తుపాకీతో సహా గోడసందులో నిలబెడుతుంటారు. చూశారా? నవల్లోనూ ఖాళీలు పూరించడమే! ఆయన రక్తంలోనే ఉంది.

ఆ పుస్తకాన్ని తర్వాత సవరించినాయన పేరు కూడా అట్ట మీదే ఉంటుంది. ఎన్.డి.వి. ప్రసాదరావు. మూడు ఇనీషియళ్ళు, చివర రావు. ఇక నాకు వేరే రుజువక్కర్లేదు.

ఎనిమిదో తరగతిలో ఈ గ్రామరే నా తొడ మీద నల్లటి మచ్చ పెట్టింది. మాస్టారి పేరెందుకు లెండి, తొడపాశం పెట్టడంలో ఆయనకు ఆయనే సాటి. నేను చేసిన నేరమల్లా "ఎ యాపిల్" అనడం. "యాన్ యాపిల్ రా వెధవా" అని ఒక మెలి. ఎందుకు యాన్ అంటే అచ్చు ముందు యాన్. మరి యూనివర్సిటీ ముందు ఎ ఎందుకు అంటే ఇంకో మెలి.

యాభై ఏళ్ళొచ్చాక తెలిసింది నాకు. అక్షరం కాదు చూడాల్సింది, చప్పుడు. యూనివర్సిటీ అన్నప్పుడు నోట్లో ముందు పుట్టేది 'య', అది హల్లు. అందుకని ఎ. అవర్ అన్నప్పుడు హెచ్ నోరెత్తదు, ముందు వినపడేది అచ్చు, అందుకని యాన్. బాగుంది. ఇప్పుడు మీరు చెప్పండి, మన నోటికి 'అ, ఎ' అని మొదలెట్టడం చేతనవుతుందా? ఎమ్మెల్యే అని ఎవడంటాడు మనూళ్ళో? యమ్మెల్యే. ఎస్సై కాదు, యస్సై. ఎల్లయ్య కూడా మాట్లాడేటప్పుడు యల్లయ్యే. యాపిల్ అన్నప్పుడు నా నోట్లో ముందు పుట్టింది యకారం. హల్లు ముందు ఎ. మరి "ఎ యాపిల్" తప్పెట్టా అవుద్దండీ? రూలు ప్రకారం నేను అక్షరాలా ఒప్పు! తప్పంతా నాలుకది, దెబ్బ తిన్నది తొడ. ఆ మాటకొస్తే ఆయన మాత్రం? ఉత్త 'ఆన్'కు కూడా యకారం తగిలించి యాన్ అన్న మనిషి, నన్ను మెలిపెడతాడా!

'ది' సంగతి చెప్పనక్కర్లేదు. సూర్యుడికి ది ఉంది, చంద్రుడికి ది ఉంది, కృష్ణానదికి ఉంది, హిమాలయాలకు ఉంది. పొన్నూరుకు లేదు. ఇన్నో ఎట్టో తేలక ఏడుస్తుంటే ఇదొకటి.

కాఫీ తాగుతారా? వద్దా? ఇప్పుడే తాగొచ్చారా? ఆగండాగండి, కదలకండి. ఇప్పుడు మీరన్నదే ప్రెజెంట్ పర్ఫెక్టు!

ఇది బ్రహ్మాండమైన ముక్క, వినండి. మనకు "తిన్నాను" ఒక్కటే. నిన్న తిన్నా తిన్నానే, ఇప్పుడు తిన్నా తిన్నానే. వాళ్ళకు రెండు. నిన్నటి పెళ్ళిలో తిన్నాను అంటే ఐ ఏట్. అయిపోయింది, అరిగిపోయింది, దాని గొడవ లేదు. ఇప్పుడే తిన్నానండీ, ఇంకేం వద్దు అంటే ఐ హ్యావ్ ఈటెన్. తినడం అయిపోయినా కడుపు నిండుగా ఉంది, ఆ సంగతి ఇంకా నడుస్తోంది. పుస్తకాల్లో దీన్ని అరపేజీ చెప్పినా బుర్రకెక్కలేదు నాకు. ఓ రోజు పప్పు, ఆవకాయ, మీగడపెరుగు తిని పడక్కుర్చీలో వాలగానే ఎక్కింది. ప్రెజెంట్ పర్ఫెక్టంటే త్రేన్పు. అంతే. ఎదురింటి పిల్లకు చెబితే ఛీ బాబాయ్ అంది గానీ, ఆ తర్వాత ఒక్క తప్పు చేసిందేమో అడగండి.

ఇక "ఇస్తా" ఉంది చూడండి. ఈ కొట్లో కూర్చుని ముప్ఫై ఏళ్ళుగా నేను వినే మాట అది. "డబ్బులిస్తా లేవయ్యా." ఇది ఏ టెన్సు? రోజూ వెళ్తా, రేపు వెళ్తా, మనకు రెంటికీ ఒకటే రూపం. "ఇస్తా" అంటే నేను ఎప్పుడూ ఇచ్చేవాణ్ణే అని అర్థం, రేపెప్పుడో ఇస్తానని కూడా అర్థం. ఇంగ్లీషులో అయితే తేల్చుకోవాలి. ఐ గివ్ అంటావా, ఐ విల్ గివ్ అంటావా? తెలుగులో తేల్చక్కర్లేదు. ఇచ్చే అలవాటున్నవాడి గౌరవమూ దక్కుతుంది, ఇవ్వాల్సిన పనీ తప్పుతుంది. ఇదుగో, ఈ ఎడమపక్క పేజీలన్నీ ఆ టెన్సులో ఉన్నవే.

దాని కిందే 'నుంచి'. "రెండేళ్ళ నుంచి బాకీ." "సంక్రాంతి నుంచి బాకీ." "గుంటూరు నుంచి వచ్చాడు." మనకు మూడు చోట్లా ఒకే నుంచి. ఇంగ్లీషువాడికి మూడు. ఎంతకాలమో పొడుగు చెబితే ఫర్. ఎక్కడ మొదలయ్యిందో చెబితే సిన్స్. ఊరి పేరైతే ఫ్రమ్. నేను "సిన్స్ టూ ఇయర్స్" అని రాసినప్పుడల్లా ఆ పిల్ల ఇంటూ కొడుతుంది. పది ఇంటూలయ్యాక ఒక ఉపాయం పెట్టుకున్నా. బాకీ తారీఖు చెబితే సిన్స్, వడ్డీ లెక్కకట్టాల్సిన నెలలు చెబితే ఫర్. ఇక తప్పలేదు. ఎవరి గ్రామరు వాళ్ళ కొట్లోనే ఉంటుందండీ.

అన్నట్టు నా ఇంగ్లీషు వల్ల నష్టపోయిన వైనం మీకు చెప్పలేదు కదూ. ఒక కంపెనీ, పేరొద్దు, డిపో నుంచి నలభై బస్తాలు రావాలి. రాలేదు. ఫోనొచ్చింది, అవతల ఎవరో ఆడపిల్ల, తెలుగు రాదు. "యు హ్యావ్ నాట్ రిసీవ్డ్ ద స్టాక్?" అంది. సరుకు రాలేదా అని. నేను మర్యాదగా "యెస్ మేడమ్" అన్నా. అవునమ్మా, రాలేదు అని! "థాంక్యూ సర్" అని పెట్టేసింది. సరుకు ముట్టినట్టు రాసేసుకున్నారు. ఆ చిక్కు విప్పడానికి మూడు వారాలు, పద్ధెనిమిది ఫోన్లు.

అప్పుడు మంటెత్తింది గానీ, తర్వాత ఆలోచిస్తే తమాషాగా తోచింది. రాలేదా అంటే మనం అవునండీ రాలేదు అంటాం. అడిగినవాడి మాట నిజమేనని ముందు వాడి పరువు నిలబెడతాం. ఇంగ్లీషువాడు అడిగినవాణ్ణి చూడడు, సరుకును చూస్తాడు. వచ్చిందా, యెస్. రాలేదా, నో. ఎట్టా అడిగినా సరే. అయినా మనకున్న లేదు, కాదు అనే రెండు ముక్కల తేడా వాళ్ళకుందా? "ఇది నాది కాదు," "నా దగ్గర లేదు." రెంటికీ ఆ ఒక్క నాటే. పాపం.

అవును, వాళ్ళను చూసి నేను జాలిపడే ఘట్టాలూ ఉన్నాయి. ఒక్కటి చెప్తా. "వి ఆర్ గోయింగ్ టు తిరుపతి." ఇప్పుడు నేను సంచి సర్దుకోవాలా, వద్దా? మనం వెళ్తున్నామా, మేము వెళ్తున్నామా? తెలుగులో ఆ ఒక్క ముక్కతో తేలిపోయేది. ఇంగ్లీషులో గుండు గీయించుకుని తిరిగొచ్చేదాకా తెలీదు. బ్రౌను దొర, సి.పి. బ్రౌన్, మన భాష నేర్చుకుని 1840లో ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం అచ్చేశాడు. 1852లో వాక్యావళి అని ఇటు ఇంగ్లీషు, అటు తెలుగు నుడికారాల అభ్యాసాల పుస్తకం కూడా వేశాడు. అంటే ఖాళీల పిచ్చిలో నాకంటే పెద్దన్నగారన్నమాట. కడపలో ఆయన తెలుగు మొదలెట్టిన కొత్తల్లో ఎవరో "మేము భోజనానికి వెళ్తున్నాం దొరా" అంటే ఆయన కూడా లేచి బయల్దేరి ఉంటాడని నా ఊహ. ఊహేనండీ, చరిత్రలో లేదు.

ఇంకోటి. మీరు మీ నాన్నగారికి ఎన్నో అబ్బాయి? మూడోవారు కదా. ఇప్పుడు నేనడిగిన ప్రశ్న ఇంగ్లీషులో అడగండి. ప్రయత్నించండి, మొహమాటపడకండి. హౌ మెనీ సన్... హౌ మచ్... ఊహూఁ. రాదు. ఎవరికీ రాదు. థర్డ్ అని జవాబుంది వాళ్ళ దగ్గర, ప్రశ్న లేదు! వందల ఏళ్ళుగా ఆ జవాబు చేత్తో పట్టుకుని, ఎవరైనా అడిగితే బాగుండని కూర్చున్నారు. హైదరాబాదులో ఇంగ్లీషు చెప్పేవాళ్ళకు నేర్పడానికే ఒక సంస్థ పెట్టారు 1958లో, ఇప్పుడది ఇఫ్లూ అని పెద్ద యూనివర్సిటీ. అక్కడ దాకా వెళ్ళి "ఎన్నో" అడగాలని నాకో కోరిక.

ఆయన, అతను, వాడు, ఈయన, వీడు. అన్నిటికీ హి. కలెక్టరుగారూ హినే, మన కొట్లో తాళం పగలగొట్టిన దొంగా హినే. ఇదేం మర్యాద అని మొదట్లో నొచ్చుకున్నా. తర్వాత మన సంగతి చూసుకున్నా. కలెక్టరుగారు వచ్చారు. మరి దేవుడు? వచ్చాడు. సహస్రలింగేశ్వరుడు, వెయ్యి లింగాలున్న స్వామి, ఆయనకు కూడా ఏకవచనమే! అమ్మ? వచ్చింది. వాన వచ్చింది, బస్సు వచ్చింది, అమ్మ వచ్చింది. ఎదురింటి పిల్ల ఇక్కడ నన్ను నిలదీసింది, "ఆడవాళ్ళకూ బస్సుకూ ఒకే క్రియేంటి బాబాయ్, ఇంగ్లీషే నయం, షి వేరు ఇట్ వేరు" అని. నా దగ్గర జవాబు లేదు. బస్సంటే నీకు అంత చులకనా అన్నాను గానీ, అది నెగ్గలేదు.

మనం ఊరికే నేర్చుకుని ఊరుకున్నామా ఏంటి? వాళ్ళకు లేని మాటలు మనమే చేసి పెట్టాం. తోడల్లుడికి వాళ్ళ దగ్గర ఏముంది? బ్రదరిన్‌లా అంటారు, బావమరిదినీ అదే అంటారు. ఒకడు కట్టె తోలిపెడతాడు, ఇంకొకడు అత్తారింట్లో మన పక్క విస్తట్లో గారెలు లెక్కపెడతాడు. ఇద్దరూ ఒకటెట్టా అవుతారండీ? అందుకే కోబ్రదర్ అన్నాం. ఎంత ముచ్చటగా ఉంది! వియ్యంకుడికి కూడా ఏదో ఒకటి చేసిపెట్టాలి. సాయం పట్టండి.

ఇక 'కదా' దగ్గరికి రాక తప్పదు. మీరొస్తారు కదా. వాడు వెళ్ళాడు కదా. చలిగా ఉంది కదా. మనకు ఒకటే తూకంరాయి, ఏది పెట్టినా అదే రాయి. వాళ్ళకో? యు ఆర్ కమింగ్, ఆరెంట్ యు? హి వెంట్, డిడింట్ హి? షి కాంట్ సింగ్, కెన్ షి? లెట్స్ గో, షల్ వి? ఒక్కో వాక్యానికి ఒక్కో తోక, తోక తిప్పి కుట్టాలి. ముందు అవునంటే వెనక కాదనాలి, ముందు కాదంటే వెనక అవుననాలి. మా ఆవిడతో మాట్లాడినట్టే. అన్నిటికంటే విచిత్రం, ఐ యామ్ రైట్ అంటే దాని తోక యామింట్ ఐ కాదట. ఆరెంట్ ఐ అట! నేను ఒక్కణ్ణే, నాకు ఆర్ ఎక్కణ్ణుంచి వచ్చిందయ్యా? అందుకే మనవాళ్ళు ఇదంతా ఎవడు పడతాడని అన్నిటికీ "ఇజింటిట్" అనేశారు. హి వెంట్, ఇజింటిట్? నవ్వుతారు చదువుకున్నవాళ్ళు. అది ఇంగ్లీషు చొక్కా తొడుక్కున్న కదా అని వాళ్ళకు తెలీదు.

కట్టె ఇంకో నాలుగు వేస్తా ఉండండి. అసలు చెప్పాల్సింది ఇప్పుడొస్తుంది.

మనూరి దేవుడెవరు? సాక్షి భావనారాయణుడు. కథ మీకు తెలిసిందే. ఒక పెద్దాయనా, ఒక కుర్రాడూ కాశీ వెళ్ళారు. అక్కడ స్వామి ఎదుట పెద్దాయన "మా అమ్మాయిని నీకిస్తా" అన్నాడు. ఇంటికొచ్చాక మాట మార్చాడు. నేనెప్పుడన్నానయ్యా, సాక్ష్యమేది అన్నాడు. కుర్రాడు తిరిగెళ్ళి స్వామినే బతిమాలి తెచ్చుకున్నాడు. స్వామి వచ్చి సాక్ష్యం చెప్పి ఇక్కడే ఉండిపోయాడు. అదీ కథ.

ఇప్పుడు ఇక్కడ స్వామి ఏం చెప్పి ఉంటాడు? తెలుగులో అయితే ఎంతసేపు? "'మా అమ్మాయిని నీకిస్తా' అన్నాడు." అంతే. అన్న మాటను అన్నట్టే ఎత్తుకొచ్చి నలుగురి ముందు పెట్టి, చివర 'అన్నాడు' అని ముడేస్తాం. మాట నలగదు. మరి ఇంగ్లీషులో? డైరెక్టు నుంచి ఇండైరెక్టుకు మార్చుము, అయిదు మార్కులు. ఐ విల్ గివ్ యు మై డాటర్. మార్చండి. ఐ తీసి హి పెట్టు. విల్ తీసి వుడ్ పెట్టు. యు తీసి హిమ్. మై తీసి హిజ్. "హి సెడ్ దట్ హి వుడ్ గివ్ హిమ్ హిజ్ డాటర్." ఇందులో హి ఎవరు, హిమ్ ఎవరు, డాటర్ ఎవరి డాటర్? ఏ పంచాయతీలోనైనా నిలబడుద్దా ఈ సాక్ష్యం? పెద్దాయన లేచి "నాలుగు ముక్కలు మార్చాడు, ఈయన మాట నమ్మకండి" అంటే ఎవరేం చెప్తారు?

చూస్తున్నారా ఎంత ఘోరమో! మాట మార్చినవాణ్ణి పట్టుకోవడానికి కాశీ నుంచి నడిచొచ్చిన దేవుడి ఊళ్ళో కూర్చుని, మాట ఎట్టా మార్చాలో మార్కులకోసం వల్లెవేస్తున్నాం. టుడే అంటే దట్ డే చెయ్యాలట. టుమారో అంటే ద నెక్స్ట్ డే. హియర్ అంటే దేర్. నౌ అంటే దెన్. బాకీదారు గనక ఈ పాఠం చదివితే నా గతేంటి? "రేపు ఇక్కడే ఇస్తా" అన్న మాట "మర్నాడు అక్కడ ఇచ్చేవాణ్ణని అన్నాను" అయి కూర్చుంటుంది.

అయినా, పాడు, ఈ మార్పిడి చేస్తుంటే మాత్రం నాకు వేళ్ళు చకచకా ఆడతాయండీ. ఇరవైకి పందొమ్మిది వస్తాయి. నిన్న ఆ పిల్ల కూడా ఇంటూ కొట్టడానికి సందు దొరక్క, దస్తూరి బాలేదని అరమార్కు కోసింది. ఒక్కటి మాత్రం పోయింది. "ద ఎర్త్ మూవ్స్ రౌండ్ ద సన్" అన్నాడట మాస్టారు. నేను మూవ్స్‌ను మూవ్డ్ చేశా. ఎప్పుడూ ఉండే నిజాన్ని మార్చక్కర్లేదట. మొన్నటిదాకా తిరిగి ఇప్పుడు ఆగిందా బాబాయ్ భూమి, అని నవ్వింది.

ఉండండి. లోపల్నుంచి ఏదో వినిపిస్తోంది. ఏమే? ఆఁ, ఆఁ, వస్తున్నా... విన్నారా? "పదయ్యింది, మంట ఆర్పి రాకపోతే తలుపు గొళ్ళెం పెట్టేస్తా" అంటోంది. ఇదుగో, దీన్ని మార్చండి ఇండైరెక్టులోకి. నేను చెప్తా ఆగండి. షి సేస్... అన్నది కాదు, అంటోంది. సెడ్ అయితే విల్ వుడ్ అయ్యేది. సేస్ అన్నప్పుడు టెన్సు కదపకూడదు. విల్ విల్‌లాగే ఉంటుంది. షి సేస్ దట్ షి విల్ బోల్ట్ ద డోర్. ఎన్ని రూళ్ళు తిప్పినా ఆవిడ మాట మారదండీ. ఆ బకెట్టు ఇట్టా అందుకోండి, నీళ్ళు పోద్దాం.